పీణ్యలో మన ఫౌండేషన్లు: పన్ను రసీదు కాదు, నమ్మకమే మూలధనం

బెంగళూరులో తెలుగువాళ్ల సేవా సంస్థ అనగానే చాలామందికి గుర్తొచ్చేవి ఉగాది వేడుక, పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు సన్మానం, కార్తీక వనభోజనాలు. ఇవన్నీ ఉండాల్సినవే. అయితే పీణ్య, దాసరహళ్లి, జాలహళ్లి ప్రాంతాల్లో రెండు మూడు తరాలుగా స్థిరపడిన మన కుటుంబాల చందాలతో నడిచే సంస్థలకు పరిస్థితులు మారిపోయాయి. ఇచ్చేవాళ్లను ఆకర్షించే పన్ను రాయితీ బలహీనపడింది. అడిగేవాళ్ల అవసరమూ మునుపటిలా లేదు. ఇక ముందు ఏ సంస్థ ఎదుగుతుంది, ఏది లెటర్‌హెడ్‌గా మిగిలిపోతుంది అన్నది ఈ రెండు మార్పులను అది ఎలా అర్థం చేసుకుంటుందనే దానిపై ఆధారపడి ఉంది.

పాత సంస్థలు చెప్పే పాఠం

ఈ నగరంలో మనకు అనుభవం లేకపోలేదు. 1925లో ఏర్పడిన కర్ణాటక రెడ్డిజన సంఘం నూరేళ్లు నిండించుకుంది. కోరమంగళలో 1999లో మొదలైన వేమన ఇంజనీరింగ్ కళాశాల ఆ సంఘానిదే. 1952లో పుట్టిన తెలుగు విజ్ఞాన సమితి వయ్యాలికావల్‌లో భాషకు, కళలకు ఒక చిరునామా అయింది. ఒకటి చదువును పట్టుకుంది, ఇంకొకటి సంస్కృతిని పట్టుకుంది. రెండూ ఏదో ఒక పనిని దశాబ్దాల పాటు వదలకుండా చేశాయి కాబట్టే నిలిచాయి.

మరో రాష్ట్రంలో స్థిరపడ్డ తెలుగువాళ్ల సంస్థ ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి మద్రాసు మంచి ఉదాహరణ. దుర్గాబాయి 1937లో అక్కడ ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. మహిళలను బనారస్ మెట్రిక్ పరీక్షకు తయారుచేయడం తొలినాటి పనుల్లో ఒకటి. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినా, మద్రాసు తమిళులకే దక్కినా ఆ సంస్థ మూతపడలేదు. అప్పటికే అది ఆ ఊరికి అవసరమైపోయింది. అక్కడి ఆసుపత్రి గుమ్మంలో రోగిని మాతృభాష ఏమిటని ఎవరూ అడగరు. మన భాషవాళ్ల కోసం మొదలై, ఉన్న ఊరి కోసం పనిచేసిన సంస్థకు ఆ ఊరే అండ.

పీణ్యలో అసలు లోటు ఎక్కడ?

జాలహళ్లిలో హెచ్‌ఎంటీ, బీఈఎల్ వచ్చిన కాలంలో చేరినవాళ్లకు కంపెనీ క్వార్టర్సు, కంపెనీ వైద్యం ఉండేవి. పీణ్య పారిశ్రామికవాడ కథ వేరు. ఇక్కడ ఎక్కువ భాగం చిన్న షెడ్లే. లేత్ పని, ప్లేటింగ్, ప్రెస్ పని, గార్మెంట్స్. చిత్తూరు, అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల నుంచి వచ్చి పనిలో చేరేవాళ్లకు క్వార్టర్సు లేవు. చాలామందికి నియామక పత్రం కూడా ఉండదు.

ఇలాంటివాళ్లకు జబ్బు చేస్తే ఏమవుతుందో చూద్దాం. ఈఎస్‌ఐ వర్తించాలంటే సాధారణంగా ఆ చోట 10 మంది పనిచేయాలి. ఎనిమిది మంది ఉన్న షెడ్డు, పని ప్రమాదకరమైనది కాకపోతే, ఆ లెక్కలోకి రాదు. 2017 జనవరి నుంచి జీతం పరిమితి నెలకు రూ.21,000. అంతకు మించి జీతం ఉన్న మనిషికి ఈఎస్‌ఐ లేదు. ఆయనకు బీపీఎల్ కార్డు కూడా లేకపోతే, కర్ణాటక ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ప్యాకేజీ ఖర్చులో 30 శాతమే సర్కారు భరిస్తుంది, అదీ కుటుంబానికి ఏడాదికి రూ.1.5 లక్షల లోపే. మిగతా 70 శాతం ఇంటివాళ్లే చూసుకోవాలి. బీపీఎల్ కుటుంబానికైతే రూ.5 లక్షల దాకా రక్షణ ఉంది. అంటే మరీ పేదవాళ్లకు ఒక దారి ఉంది, పెద్ద ఉద్యోగికి కంపెనీ బీమా ఉంది. నెలకు పాతిక వేలు సంపాదించే సూపర్‌వైజరుకు, చిన్న వర్క్‌షాపు యజమానికి రెండూ లేవు. మన పాత కుటుంబాల్లో కూడా చాలామంది ఈ సందులోనే ఉన్నారు.

ఒక చిన్న ఫౌండేషన్ ఆసుపత్రి కట్టలేదు. కట్టనవసరం లేదు కూడా. ఏ కార్డు ఎక్కడ చెల్లుతుంది, ఏ కాగితం కావాలి, యజమాని ఈఎస్‌ఐ కట్టకపోతే ఎవరికి ఫిర్యాదు చేయాలి అని చెప్పే మనిషిని వారానికి రెండు రోజులు కూర్చోబెట్టినా చాలు. ఆ 70 శాతంలో కొంత భాగాన్ని నేరుగా ఆసుపత్రికే కట్టే నిధి తోడైతే, అప్పు చేయాల్సిన కుటుంబాలు కొన్నయినా తగ్గుతాయి. తెలుగు, కన్నడం రెండూ చదవగల మనవాళ్లకు ఈ పని ఇతరుల కంటే సులువు.

డబ్బు ఎక్కడి నుంచి?

ఇన్నాళ్లూ చందా అడిగేటప్పుడు '80జీ రసీదు ఇస్తాం' అన్న మాట పనిచేసేది. కొత్త పన్ను విధానంలో ఆ మినహాయింపు లేదు. ఇప్పుడు అందరికీ ముందుగా వర్తించేది ఆ విధానమే. పైగా అందులో రూ.12 లక్షల దాకా ఆదాయానికి పన్నే పడదు. పాత విధానంలో ఉన్నవాళ్లకు కూడా రూ.2,000 దాటి నగదుగా ఇస్తే మినహాయింపు రాదు. ఒక మామూలు కుటుంబానికి రసీదు వల్ల ఒరిగేది ఇక పెద్దగా లేదు.

సీఎస్‌ఆర్ మీద పెట్టుకునే ఆశ కూడా పీణ్యలో కొద్దిగానే నెరవేరుతుంది. నికర లాభం రూ.5 కోట్లు, టర్నోవర్ రూ.1,000 కోట్లు, నికర విలువ రూ.500 కోట్లు, వీటిలో ఒక్కటైనా చేరిన కంపెనీకే 2 శాతం ఖర్చు తప్పనిసరి. చిన్న షెడ్డు యజమాని ఇస్తే మనసుతో ఇవ్వాలే తప్ప చట్టం ఇప్పించదు. కాబట్టి మిగిలింది నమ్మకం ఒక్కటే.

కులమా, భాషా?

ఇక్కడ చట్టం ఒక స్పష్టమైన గీత గీసింది. 1962 ఏప్రిల్ తర్వాత ఏర్పడిన ధర్మసంస్థ ఒక మతానికో, కులానికో మాత్రమే మేలు చేస్తే పన్ను మినహాయింపు పోతుంది. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన వర్గాల కోసం, స్త్రీలు, పిల్లల కోసం పెట్టిన సంస్థలకు సడలింపు ఉంది. ఆ నిబంధనలో మతం, కులం ఉన్నాయి గానీ భాష లేదు. కొత్తగా సంస్థ పెట్టాలనుకునేవాళ్లు కులం పేరుతో పెట్టే ముందు ఈ సంగతి గమనించాలి. చట్టాన్ని పక్కన పెట్టినా, పీణ్యలో పక్క మెషిన్ మీద పనిచేసే కన్నడిగుడిని, బిహారీని కాదని మనవాడికే సాయం చేస్తామంటే ఆ సంస్థకు ఇరుగుపొరుగులో గౌరవం ఉండదు.

ఇంకో విషయం, సంస్థ రూపం. సొసైటీ అయితే సభ్యులకు ఓటు, వార్షిక సమావేశం ఉంటాయి, వాటితోపాటు వర్గాలూ పుడతాయి. ట్రస్టులో తగాదాలు తక్కువ, కానీ ధర్మకర్తలను ప్రశ్నించే వీలు మామూలు దాతకు ఉండదు. ఏ రూపమైనా ఆడిట్ లెక్కలు, ఎంతమందికి ఎంత సాయం చేశారన్న వివరం, పేర్లు బయటపెట్టకుండా, ఏటా దాతల చేతికి రావాలి.

ఈసారి చందా పుస్తకం మన ఇంటికి వచ్చినప్పుడు మూడు మాటలు అడుగుదాం. నిరుడు వచ్చిన డబ్బులో వేదిక మీద ఎంత పోయింది, మనిషికి ఎంత చేరింది? సాయం అడిగి తిరిగి వెళ్లినవాళ్లు ఎందుకు వెళ్లారు? కమిటీలో నలభై ఏళ్ల లోపువాళ్లు ఎంతమంది? వీటికి తడుముకోకుండా జవాబు చెప్పే సంస్థకు పది రూపాయలు ఎక్కువే ఇద్దాం. చెప్పలేని సంస్థకు ఇంకో ఏడాది గడువిచ్చి, మళ్లీ అడుగుదాం.