ఇండ్లన్నీ లాడ్జీలైతే కిరాయిదారు ఎటు పోవాలె?

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి గల్లీల్లో ఇప్పుడు నెల కిరాయి మాట పాతబడ్డది. రాత్రి కిరాయి కొత్త దందా. ఫోన్ల యాప్ తెరిస్తే కుటుంబాలుండే అపార్ట్‌మెంట్లల్లనే ఒక్క రాత్రికి ఫ్లాటు దొరుకుతది. తాళంచెవి ఇచ్చేందుకు మనిషి కూడా ఉండడు, దర్వాజకు నెంబర్ల తాళం. పక్క ఫ్లాట్ల ఇవాళ ఎవరున్నరో, రేపు ఎవరొస్తరో పదేండ్ల సంది అవే మెట్లెక్కుతున్న మనిషికి తెల్వదు. బల్దియా కాగితం మీద మాత్రం అది ఇల్లు. కట్టేది ఇంటి పన్ను. మాస్టర్ ప్లాన్ల పూసింది నివాసపు పసుపు రంగు. లోపల నడిచేది లాడ్జి!

పరాయి ఊరోళ్లు వచ్చి ఉండొద్దని మేం అంటలేం. ఈ పట్నం సరాయిల పట్నం. కుతుబ్‌షాహీల నాటి షేక్‌పేట సరాయి, రైలు దిగినోళ్ల కోసం నాంపల్లి స్టేషన్ పక్కన నిజాం కట్టించిన సరాయి ఇంకా మన కండ్ల ముందట ఉన్నయి. రాజులు కూడా సరాయిని బాటసారి దారిలో కట్టిండ్రు గానీ సంసారుల వాకిట్ల కట్టలేదు. నిమ్స్‌కు తల్లిని తీసుకొచ్చిన ఆదిలాబాద్ బిడ్డకు పది రోజులు తలదాచుకునే జాగ కావాలె. వీసా కోసం నానక్‌రామ్‌గూడకు వచ్చినోళ్లకు రెండు రాత్రులు కావాలె. ముసలి దంపతులు పై అర్ర ఇచ్చి నాలుగు పైసలు సంపాదించుకుంటే ఎవరికి నష్టం? మా కొట్లాట వాళ్లతోని కాదు. ఇరవై ఫ్లాట్లు ఒక్కడే పట్టి, ఒక్కదాంట్ల కూడా తాను ఉండకుండ, నివాసం పేరు మీద హోటల్ నడిపేటోనితోని.

వానికి ధైర్యం ఎక్కడిది? సర్కార్లు ఇచ్చిందే. హుడా 1975ల పుట్టింది, 1981ల జోనింగ్ నిబంధనలు వచ్చినయి. ఏ జాగల ఏముండాలెనో రాసిండ్రు. రాసినోళ్లే 2007ల జీవో 766 తెచ్చి, ఫీజు కడితే కొన్ని రోడ్ల పక్క ఇండ్లు వ్యాపార జాగలైతయన్నరు. అదే ఏడు ఆఖర్ల బీపీఎస్. అది ఆంధ్ర పాలకుల నిర్వాకమని మనం ధర్నాలు చేసినం. మరి రాష్ట్రం వచ్చినంక 2015ల తెచ్చిన బీఆర్ఎస్ ఏంది? పార్టీ సంగతి కాదు, భవనాల క్రమబద్ధీకరణ స్కీము సంగతి చెప్తున్నం. ముందుగాల ఉల్లంఘించు, తర్వాత రుసుము కట్టు. పాలకుడు మారిండు, పాఠం మారలేదు. రేపు ఈ రాత్రి కిరాయి ఫ్లాట్లకు కూడా ఒక స్కీము తయారైతదని మా అనుమానం.

ఇగ దెబ్బ ఎవరి మీద పడ్తది? రోజు కిరాయిల నెల కిరాయికి మించి వస్తదని ఓనరుకు తెలిసిననాడు నెల కిరాయిదారు బరువైతడు. ఖాళీ చెయ్యమంటడు, లేకుంటే పెంచుతడు. సర్కారు ఉద్యోగికి 2015 పీఆర్సీల పట్నంల హెచ్‌ఆర్‌ఏ 30 శాతం. 2021ల దాన్ని 24 శాతం చేసిండ్రు. హెచ్‌ఆర్‌ఏ తగ్గిందని ఏ ఓనరన్న కిరాయి తగ్గించిండా? ఉద్యోగ సంఘాలు హెచ్‌ఆర్‌ఏ అడుగుతయి, మంచిదే. ఆ హెచ్‌ఆర్‌ఏను మింగుతున్న దందాను మాత్రం అడగయి.

విద్యార్థుల సంగతి ఇంకా అన్యాలం. తనిఖీలనంగనే అశోక్‌నగర్, అమీర్‌పేట హాస్టళ్లే కనబడ్తయి అధికారులకు. గ్రూప్స్ చదివే పోరగాని ఆరు మంచాల అర్రను, వారాంతం పార్టీల ఫ్లాటును ఒక్క కాటాల తూస్తరు. ఢిల్లీలో జీఎస్టీ కౌన్సిల్‌కు తేడా తెలిసింది. మనిషికి నెలకు 20 వేలు దాటని కిరాయితోని, కనీసం 90 రోజులు వరుసగా ఉంటే హాస్టల్ బసకు పన్ను లేదని 2024ల నిర్ణయించిండ్రు. అంటే 90 రోజులుండేటోడు నివాసి, రెండు రాత్రులుండేటోడు అతిథి. ఇంత చిన్న లెక్క మన పట్టణాభివృద్ధి శాఖకు ఎందుకు ఎక్కదు?

మనకు నెల కిరాయి గది అంటే నాలుగు గోడలే కాదు. 2011 సకల జనుల సమ్మెల 42 రోజులు ఉద్యోగులు జీతాలు లేకుండ కూసున్నప్పుడు, మేమున్న ఇండ్ల ఓనర్లు కిరాయికి ఆగిండ్రు, కొందరు బియ్యం కూడా పంపిండ్రు. యాప్ ఆగుతదా? పైసలు కట్టకుంటే తాళం నెంబరే మారుతది.

ఇంకో ముచ్చట. నెల కిరాయికి పోతే మన పిల్లలను 'మీరేంటోళ్లు' అని కులం అడుగుతరు. ముస్లిం అంటే దర్వాజ ముయ్యి. బ్యాచిలర్లకు ఇయ్యం, మాంసం వండొద్దు. అదే ఫ్లాటు రాత్రికి ఇయ్యాలంటే ఇండ్ల ఒక్క ప్రశ్న లేదు! నోటుకు కులం లేదన్నమాట, మనిషికే ఉన్నది.

దారి లేక కాదు. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంల ఓనరు కుటుంబం ఆ ఇంట్లనే ఉండాలె, గదులు ఆరుకు మించొద్దు. న్యూయార్క్‌ల 2023 సెప్టెంబర్ నుంచి, 30 రోజుల లోపు కిరాయి అయితే ఇంటాయన ఇంట్ల ఉండాలె, అతిథులు ఇద్దరికి మించొద్దు. బార్సిలోనా అయితే పది వేలకు పైగా టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబర్ నాటికి పూర్తిగ ఎత్తేస్తనని 2024ల ప్రకటించింది. మేం బార్సిలోనా అంత దూరం పొమ్మంటలేం. ఓనరు ఉన్న ఇంటికి సులువుగ అనుమతి ఇయ్యుండ్రి. ఓనరు లేని ఫ్లాటుకు వ్యాపార పన్ను, నివాస జోన్ల నిషేధం. హాస్టల్‌కు వేరే నిబంధన, అగ్గి పుడితే బయటపడే మెట్లు, మనిషికింత జాగ అని. విదేశీయుడు దిగితే పోలీసులకు చెప్పాలన్న చట్టం హోటల్‌కు ఎట్లనో యాప్ ఫ్లాటుకు అట్లనే అమలు చెయ్యాలె.

ఇట్లాంటి నిబంధన ఇప్పటికే ఉన్నదని అధికారులంటరేమో. ఉంటే ఆ కాగితం వార్డు ఆఫీసు గోడకు అంటించుండ్రి. కాలనీ సంఘాలు, విద్యార్థి సంఘాలు, టీఎన్జీవోలు తమ తమ గల్లీల్ల ఎన్ని ఫ్లాట్లు ఇట్ల నడుస్తున్నయో లెక్కతీసి, రసీదు తీసుకుని మరీ బల్దియాకు ఇయ్యాలె. ఇంకో క్రమబద్ధీకరణ జీవో రాకముందే ఇయ్యాలె.