ఆదివారం ఉదయం ఎక్కడికి వెళ్లాలి?

ఈ వారం ఉత్తరాల కట్టలో ఒక ఉత్తరం నన్ను చాలాసేపు కదలనివ్వలేదు. ఊరూ పేరూ రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు. నాలుగు పేజీల ఉత్తరంలోంచి కొన్ని మాటలు మాత్రం మీ ముందు పెడుతున్నాను.

"అమ్మా, నాకు ముప్పై ఆరేళ్లు. మా తాతయ్య సంఘ పెద్ద. నేను పన్నెండేళ్లపాటు సండే స్కూలు పిల్లలకు పాటలు నేర్పాను. రెండేళ్ల క్రితం నాలో నమ్మకం పోయింది. ఎవరిమీదా కోపంతో కాదు. ఎవరో చెబితే విని కూడా కాదు. చదివీ, ఆలోచించీ, ఏడ్చీ ఇక్కడికి వచ్చాను. ఏడాదిగా చర్చికి వెళ్లడం లేదు. దేవుడు లేని లోటు నాకు తెలియడం లేదమ్మా. మనుషులు లేని లోటే తెలుస్తోంది. ఆదివారం మా ఆయనా, పిల్లలూ వెళ్లాక ఇల్లు బావురుమంటుంది. కూరలు తరుక్కుంటూ నాకు తెలియకుండానే పాత పాటలు పాడుతుంటాను. మొన్న వారం రోజులు జ్వరంతో పడుకుంటే ఒక్కరూ తలుపు తట్టలేదు. ఎదురుపడితే వందనాలు చెప్పేవాళ్లు ఇప్పుడు చూపు తిప్పుకుంటున్నారు. నేను ఎవరితో చెప్పుకోవాలి?"

చూశారా, ఈ అమ్మాయి దేవుడు ఉన్నాడా లేడా అని అడగడం లేదు. ఆ చర్చ ఈ శీర్షికలో మనమూ చేయం. ఆమె అడిగేది వేరు. నమ్మకం పోయిన మనిషికి మనుషులు కూడా పోవాలా అని. ఇది మనందరికీ సంబంధించిన ప్రశ్నే. ఇవాళ ఆమె చర్చి వదిలింది. రేపు మన ఇంట్లో పిల్ల గుడికి రానంటుంది, పక్కింటి పిల్ల మసీదు నేర్పినది వద్దంటుంది. అప్పుడు మనం తలుపు తడతామా, చూపు తిప్పుకుంటామా?

అమ్మాయీ, ముందుగా మీకో మాట. మీ బాధ వింత కాదు. అమెరికాలో మార్లీన్ వైనెల్ అనే మనస్తత్వవేత్త ఉన్నారు. ఆవిడ మిషనరీల కూతురు. పెరిగిన మతాన్ని వదిలి బయటికి వచ్చినవాళ్ల మనోవేదన మీద 1993లోనే ఒక పుస్తకం రాశారు. ఇలాంటివారికి ఫోనులో ధైర్యం చెప్పే సంస్థలు ఆ దేశంలో ఉన్నాయి. లండన్‌లో 2013లో ఇద్దరు హాస్య కళాకారులు "సండే అసెంబ్లీ" మొదలుపెట్టారు. అంతకుముందు చర్చిగా ఉన్న భవనంలోనే ఆదివారం అందరూ చేరి పాటలు పాడుకునేవారు, ఒకరి మాట ఒకరు వినేవారు. దేవుడి ప్రసక్తి మాత్రం ఉండదు. అంటే ఏమిటి? ఆదివారం ఉదయం ఎక్కడికి వెళ్లాలో తెలియని వాళ్లు లోకమంతటా ఉన్నారన్నమాట.

అమ్మ కన్నీళ్లు

మీ అమ్మగారు రోజూ ఏడుస్తున్నారనీ, "తాతయ్య పేరు చెడగొట్టావు" అంటున్నారనీ రాశారు. ఆ కన్నీళ్లను మూఢత్వం అనకండి. మన తెలుగు దేశంలో చర్చి అంటే ఉత్త ప్రార్థన మందిరం కాదు. 1876-78 కరువులో తిండిలేక అల్లాడిన పేదలకు ఒంగోలు బాప్టిస్టు మిషన్ దొర జాన్ క్లవ్ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో పని ఇప్పించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఊరి బావిలో నీళ్లు తోడుకునే హక్కు కూడా లేనివాళ్లు. గుంటూరులో అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ 1883లో వచ్చి, ఆడవాళ్లకు వైద్యం మొదలుపెట్టి, 1898 నాటికి ఆసుపత్రి నిలబెట్టింది. బడి, ఆసుపత్రి, హాస్టలు, టీచరు ఉద్యోగం, ఒంటిమీద తెల్ల చీర, పేరు చివర గౌరవం ఎన్నో కుటుంబాలకు ఆ గడప నుంచే వచ్చాయి.

కాబట్టి మీ అమ్మగారి కంటికి మీరు వదిలింది దేవుణ్ణి మాత్రమే కాదు. వాళ్ల అమ్మనీ, అమ్మమ్మనీ, వాళ్లు పడ్డ పాట్లనీ వదిలినట్టు కనిపిస్తుంది. ఆవిడతో వాదం పెట్టుకోకండి. ఒక సాయంత్రం పక్కన కూచుని ఇలా చెప్పి చూడండి. "అమ్మా, నువ్వు నాకు నేర్పినవన్నీ నాలోనే ఉన్నాయి. అబద్ధం ఆడకూడదన్నావు కదా, అందుకే నమ్మకం లేకుండా నమ్మినట్టు నటించలేకపోతున్నాను." ఒక్కసారికే ఆవిడ ఒప్పుకోరు. పదిసార్లు చెప్పాల్సి రావచ్చు. గొంతు పెంచకుండా చెప్పండి, చాలు.

ఇదివరకు నడిచినవాళ్లు

మీకంటే ముందు ఈ దారిలో నడిచినవాళ్లు మన మధ్యే ఉన్నారు. 1895లో వినుకొండలో పుట్టిన మహాకవి గుర్రం జాషువా క్రైస్తవుడు. హిందూ కథలు తీసుకుని కావ్యాలు, నాటకాలు రాస్తున్నాడని తన సంఘమే ఆయన్ను వెలివేసింది. అటు అగ్రకులాలవాళ్లు అంటరానివాడన్నారు. రెండువైపులా తలుపులు మూసుకున్నా ఆయన ద్వేషం పెంచుకోలేదు. చివరి దశలో "క్రీస్తు చరిత్ర" రాశారు. దానికే 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

ఆయన కూతురు హేమలత. 1960లో గోరాగారి కుమారుడు లవణాన్ని పెళ్లి చేసుకుని, నాస్తికురాలిగా జీవించారు. ఆవిడ ఒంటరిగా కూచోలేదు. భర్తతో కలిసి స్టువార్టుపురంలో నేరస్తుల ముద్ర పడ్డ కుటుంబాల మధ్య పనిచేశారు. నిజామాబాద్ జిల్లాలో జోగినీ ఆచారానికి బలైన ఆడపిల్లలకు అండగా నిలబడ్డారు. వర్నిలో వాళ్లకోసం పెట్టిన ఇంటి పేరు "చెల్లి నిలయం". 2008లో కన్నుమూసేదాకా ఆవిడకు అక్కచెల్లెళ్లు కరువు కాలేదు. తండ్రి మీద ఎంతో ప్రేమతో "మా నాన్నగారు" అనే పుస్తకం కూడా రాశారు. నమ్మకం వేరైనంత మాత్రాన కన్నవాళ్లు పరాయివాళ్లు కారని దాన్నిబట్టి తెలియడం లేదూ!

ఆవిడ అడుగుపెట్టిన గోరాగారి ఇల్లు కూడా అలాంటిదే. గోరా, సరస్వతీ గోరా బ్రాహ్మణ కుటుంబాలనుంచి వచ్చి, జంధ్యమూ, ఆచారాలూ వదిలేసి, ఇంటికీ ఉద్యోగాలకీ దూరమైనవాళ్లు. 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో దాన్ని విజయవాడకు మార్చారు. అక్కడ వాళ్లు ఉపన్యాసాలతో ఊరుకోలేదు. అన్ని కులాలవాళ్లనూ కూచోబెట్టి సహపంక్తి భోజనాలు పెట్టారు. అందరూ కలిసి తిన్నారు. వెలివేతకు విరుగుడు విస్తరి దగ్గరే ఉందని వాళ్లు కనిపెట్టారు. వంటిల్లు తెలిసిన మనకి ఇది ఒకరు చెప్పాలా!

ఏం పోయిందో లెక్క వేయండి

ఇక పనికొచ్చే మాటలు. డబ్బాలో సరుకు అయిపోతే "అన్నీ అయిపోయాయి" అని కూచుంటే వంట కాదు కదా. ఏది అయిందో చూసి చీటీ రాసుకుంటాం. మీరూ అలాగే చర్చితో పాటు ఏమేం పోయాయో కాగితం మీద రాయండి. పాట. పలకరింపు. జబ్బు చేస్తే సాయం. పండుగ. బుర్రకు పని. ఇవన్నీ మళ్లీ ఒకే కొట్లో దొరకవు. ఒక్కోటి ఒక్కోచోట తెచ్చుకోవాలి.

పాట సంగతి. మీరు పాత పాటలు పాడుకుంటే తప్పేం లేదు. ఆ రాగం మీ బాల్యానిది. పాడండి. పన్నెండేళ్లు పిల్లలకు పాట నేర్పిన గొంతు మీది. వీధిలో పిల్లల్ని చేర్చి వారానికి ఒకరోజు లలిత గీతాలు నేర్పండి. తల్లులు తామే వస్తారు, పలకరింపూ వస్తుంది.

బుర్రకు పని కావాలంటే జన విజ్ఞాన వేదికలాంటి సంఘాల్లో చేరండి. సైన్సు ప్రచారం, బడి పిల్లల కార్యక్రమాలు వాళ్ల పని. మీ మతమేమిటని అడగరు. మనసులో మాట దాపరికం లేకుండా చెప్పుకోవాలంటే విజయవాడ నాస్తిక కేంద్రం ఉంది, జిల్లాల్లో హేతువాద సంఘాలు ఉన్నాయి. అయితే ఒక హెచ్చరిక. కొన్ని సభల్లో నమ్మేవాళ్లను వెక్కిరించడమే కార్యక్రమంగా ఉంటుంది. మీ అమ్మగారిని వెక్కిరిస్తున్నట్టు మీకు అనిపిస్తే అక్కడినుంచి లేచి వచ్చేయండి. అలాగే, మీరు చర్చి వదిలారని తెలియగానే పూలదండతో, ఫోటోగ్రాఫరుతో వచ్చి తమ మతంలోకి పిలిచేవాళ్లు ఉంటారు. ఒక గూటినుంచి ఎగిరిన పిట్ట వెంటనే ఇంకో గూట్లో దూరాలన్న రూలేమీ లేదు. కనీసం ఏడాదిపాటు ఎక్కడా సంతకాలు పెట్టకండి.

జబ్బు చేసినప్పటి మాట. ఇందులో మీ పొరపాటు కూడా కొంచెం ఉందేమో చూసుకోండి. జ్వరం వచ్చిందని ఎవరికైనా కబురు చేశారా? చర్చిలో అయితే ప్రార్థన విన్నపాల్లో అందరికీ తెలిసిపోయేది. ఇప్పుడు మనమే చెప్పుకోవాలి. పొదుపు సంఘంలో ఉన్న ఇద్దరికి, పక్కింటివాళ్లకు ముందే చెప్పి ఉంచండి. వాళ్లకు బాగాలేనప్పుడు మీరు చారు కాచి పట్టుకెళ్లండి. ఇచ్చిపుచ్చుకోవడం అలా మొదలవుతుంది.

పండుగ. క్రిస్మస్‌కు గులాబీ పువ్వులు వండటం మానేశారని రాశారు. ఎందుకమ్మా! అచ్చు మీ అత్తగారిది, చేయి మీది. పిండి కలపండి, వండండి, వీధిలో పంచండి. నమ్మకం లేకుండా పండుగ వంట చేసేవాళ్లు అన్ని మతాల్లోనూ ఉన్నారు.

మీవారు చర్చికి వెళుతూ మిమ్మల్ని బలవంతపెట్టడం లేదు. అది చిన్న అదృష్టం కాదు. ఆయన వెళ్లడాన్ని మీరూ తప్పుపట్టకండి. పిల్లల్ని ఇద్దరూ చెరో చెయ్యి పట్టుకుని లాగవద్దు. "నాన్న నమ్ముతారు, నేను నమ్మను, పెద్దయ్యాక మీరు ఆలోచించుకోండి" అంటే వాళ్లకు అర్థమవుతుంది.

రాత్రిళ్లు నరకం గుర్తొచ్చి మెలకువ వస్తోందన్నారు. నమ్మకం పోయినా చిన్నప్పటి భయం వెంటనే పోదు. చీకట్లో తాడును చూసి పాము అనుకున్నవాళ్లకి, తాడని తెలిశాక కూడా కాసేపు గుండె దడదడలాడుతుంది. నెమ్మదిగా తగ్గుతుంది. నిద్ర బొత్తిగా కరువైతే ప్రభుత్వం 2022లో పెట్టిన టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. డబ్బు అడగరు. తెలుగులో మాట్లాడతారు.

కాగితాల భయం

చర్చిలో జరిగిన మీ పెళ్లి చెల్లుతుంది. మీరు చర్చి మానేసినంత మాత్రాన రద్దు కాదు. కోర్టు ఒక్కటే దాన్ని రద్దు చేయగలదు. "ఆస్తిలో వాటా రాదు" అని మీ అన్నయ్య బెదిరించారట. మీ నాన్నగారు వీలునామా రాస్తే, ఆయన స్వార్జితం ఎవరికి ఇస్తే వారిదే. రాయకుండా పోతే, క్రైస్తవులకు వర్తించే 1925 వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మగారికి మూడోవంతు పోగా మిగిలింది కొడుకులకూ కూతుళ్లకూ సమానం. కూతురు ఆదివారం ఎక్కడికి వెళుతోందని ఆ చట్టం అడగదు. పిల్లల బడి ఫారాల్లో, కుల ధ్రువపత్రాల్లో మాత్రం తొందరపడి ఏమీ మార్చకండి. అది రిజర్వేషన్లతో ముడిపడ్డ వ్యవహారం. తెలిసిన వకీలును అడిగాకే చేయండి. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక దంపతుల కేసులో, జనన నమోదు దరఖాస్తులో "మతం లేదు, కులం లేదు" అని రాసుకునే వీలు ఉండాలని చెప్పింది. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద 28 లక్షలమందికి పైగా మతం చెప్పనివాళ్లుగా లెక్కకు వచ్చారు. వాళ్లంతా నాస్తికులే అనలేం గానీ, ఆ గడి ఖాళీగా వదిలింది మీరొక్కరే కారు.

చివరగా, "నేను పోతే నన్ను ఏ సమాధుల తోటలో పెడతారు?" అని అడిగారు. ముప్పై ఆరేళ్లకే ఈ ఆలోచన వచ్చిందంటే ఒంటరితనం ఎంత లోతుకు వెళ్లిందో! ఇష్టమైతే మెడికల్ కాలేజీ అనాటమీ విభాగానికి దేహదానం చేస్తానని రాసివ్వండి. కళ్లు కూడా ఇవ్వవచ్చు, మరణించిన ఆరు గంటల్లోగా తీసుకోవాలి. మీ కోరిక మీవారికి ముందే చెప్పి ఒప్పించండి. ఆ సమయానికి సంతకం పెట్టాల్సింది ఇంట్లోవాళ్లే. ఆ మాట చెప్పేసి, ఆ కాగితం బీరువాలో పెట్టి, మళ్లీ బతకడం మీద దృష్టి పెట్టండి.

ఈ వచ్చే ఆదివారం ఒక పని చేస్తారా? శనివారం రాత్రి పెసలు నానబెట్టండి. ఎవరో ఇద్దర్ని, ఒకరు పక్కింటావిడ, ఒకరు చర్చిలోనే ఉండి మీతో మాట్లాడాలని మొహమాటపడుతున్న పాత స్నేహితురాలు, టిఫినుకు రమ్మనండి. ఆవిడ ఆరాధన అయ్యాకే వస్తానంటే అప్పుడే రమ్మనండి. పెసరట్టు వేడివేడిగా, అల్లం పచ్చడి పక్కన వేసి పెట్టండి. దేవుడి మాట ఆవిడ ఎత్తితే వినండి, మీరు ఎత్తకండి. రెండోవారం ముగ్గురవుతారు.

మీలాంటి ఉత్తరం రాయాలనుకుని ఆగిపోయినవాళ్లు ఇంకా ఉంటారు. రాయండమ్మా, పేర్లు వేయం. ఆ ఆదివారం ఎవరెవరు వచ్చారో, అట్లు సరిపోయాయో లేదో మీరు కూడా తప్పకుండా రాయండి.