వినపడని మోతకు ఎలుక బెదరదు

వరి పొట్టకొచ్చే వేళకి కృష్ణా పశ్చిమ డెల్టా రైతును పట్టుకునే బెంగ ఎలుక. అమృతలూరు, ఇంటూరు, గోవాడ, మోపర్రు, ఏ ఊరి మాగాణి గట్టు మీద నడిచినా బొరియలే. పిలకల మీదుంటే దుబ్బు మొదట్లో కొరికేస్తుంది. ఈనిందంటే కంకులు కోసి బొరియలో దాచుకుంటుంది. వరి కోత అయిందో లేదో మినుములోకో, జొన్నలోకో దిగుతుంది. ఇంటికి చేరిన గింజనూ వదలదు.

ఈ బెంగను ఆసరా చేసుకుని ఇప్పుడో వ్యాపారం సాగుతోంది. మనిషి చెవికి వినపడని శబ్దం పుట్టించి ఎలుకల్ని పారదోలే పెట్టె అంట. ఇంట్లో ప్లగ్గుకి తగిలించేది వందల్లో దొరికితే, పొలంలో పాతే సోలారు పెట్టె వేలల్లో ఉంటది. మందు అక్కర్లేదు, బోను అక్కర్లేదు, చచ్చిన ఎలుక కంపు ఉండదు, స్విచ్చి వేసి నిద్రపోండి అని ప్రచారం. అప్పు తెచ్చి సేద్యం చేసే కౌలు రైతు ఆ మాట నమ్మి డబ్బు పెట్టేముందు ఈ యంత్రం సంగతేందో తెలుసుకోవడం అవసరం.

శబ్దమంటే గాలిలో కదలిక. సెకనుకి 20 సార్ల నుంచి 20 వేల సార్ల దాకా గాలి కంపిస్తే మనిషి వింటాడు. అంతకు మించితే మన చెవికి అందదు. దాన్నే అతిధ్వని అంటారు. పెట్టె మీద అల్ట్రాసోనిక్ అని రాసి ఉండేది ఇదే. పెట్టె లోపల ఒక చిన్న బిళ్ల ఉంటుంది. కరెంటు తగలగానే అది సెకనుకి వేల సార్లు అదురుతుంది. ఎలుక చెవి 80 వేల కంపనాల దాకా అందుకోగలదు. కాబట్టి వ్యాపారి చెప్పేదాంట్లో సగం నిజం. ఎలుకకు వినపడే మాట వాస్తవం. విని ఊరొదిలి పోతుందన్నదే అబద్ధం.

ఎందుకు పోదు? మొదటి సంగతి, మనకు నిశ్శబ్దంగా తోచే ఆ శబ్దాల మధ్యనే ఎలుక పుట్టి పెరుగుతుంది. భయపడ్డప్పుడు అది సుమారు 22 వేల కంపనాల కూత పెడుతుంది. ఆటలోనూ జత కట్టేటప్పుడూ 50 వేల దగ్గర కూస్తుంది. కళ్లు తెరవని పిల్లలు తల్లిని పిలిచేదీ అతిధ్వనితోనే. రోజంతా వినే సంతలో ఇంకో గొంతు చేరితే అది ఇల్లు వదిలి పరుగెత్తదు.

రెండోది అలవాటు. కొత్త మోత వింటే ఒకటి రెండు రోజులు జంకుతుంది. తిండీ గూడూ అక్కడే ఉన్నాయి గనుక మళ్లీ వచ్చుద్ది. తెనాలి రైలుకట్ట పక్కన కాపురముండేవాళ్లు బండి కూతకు లేచి కూచుంటున్నారా? ఇదీ అంతే.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. శబ్దం ఎంత సన్నదైతే గాలిలో అంత తొందరగా చచ్చిపోతుంది. గోడ దాటదు, తలుపు దాటదు, ధాన్యం బస్తా అడ్డమొస్తే అక్కడితో సరి. బస్తాల వెనక ఎలుకకు అంతా ప్రశాంతమే. ఇక పొలం సంగతి చెప్పేదేముంది? పైన ఆకాశం, నాలుగు పక్కలా గాలి, ఎలుకేమో మట్టిగట్టు లోపల. ఆ మట్టిలోకి ఈ శబ్దం దిగదు. గట్టు దాటని శబ్దంతో గట్టులో కాపురముండే ఎలుకను తోలతామంటే నమ్మేదెట్లా?

ఇది చదువులేని మనవాళ్లను మాత్రమే మోసగించే సరుకని అనుకోవద్దు. అమెరికాలోనూ ఇదే జరిగింది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లో ఇలాంటి యంత్రాలు తయారుచేసే, అమ్మే 60కి పైగా కంపెనీలకు హెచ్చరిక ఉత్తరాలు పంపింది. శాస్త్రీయమైన రుజువు లేకుండా పురుగుల్ని, ఎలుకల్ని పారదోలతామని ప్రచారం చేస్తే చట్టవిరుద్ధమని చెప్పింది. దోమల్ని తోలే శబ్ద యంత్రాల మీద జరిగిన 10 క్షేత్ర పరీక్షల్ని కాక్రేన్ అనే వైద్య పరిశోధనా సంస్థ 2007లో సమీక్షించింది. ఒక్కదానిలోనూ దోమకాటు తగ్గలేదు.

మరి మన దగ్గర? ఎలుకల మందు అమ్మాలంటే 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, పనిచేస్తుందని ముందుగా చూపాలి. ఈ పెట్టె మందు కాదు గనుక ఆ చట్టం దీని జోలికి రాదు. అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. చట్టం పుస్తకంలో ఉంటే చాలదు, అధికారులు దాన్ని బయటికి తీయాలి.

అసలు మందు మన ఊళ్లోనే ఉంది. ఎలుకకు సర్వే నంబరు తెలియదు, ఒకడి గట్టున పొగ పెడితే పక్కవాడి గట్టుకు మారుద్ది. అందుకే ఊరంతా ఒకేసారి కదలాలి. సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూసి, తెల్లారి తిరిగి తెరుచుకున్నవాటినే గుర్తుపట్టాలి. నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, 0.25 శాతం బ్రోమడయొలోన్ పొడి 2 పాళ్లు కలిపి, ఒక్కో బొరియలో 10 నుంచి 15 గ్రాముల పొట్లం వేయాలి. ఇది పొట్టకు ముందే జరగాలి. చేలో గింజ పడ్డాక ఎలుక మన నూకల్ని లెక్కచేయదు. కలిపేటప్పుడు చేతికి తొడుగు ఉండాలి, పిల్లలకూ పశువులకూ మందు అందకూడదు.

మందు కన్నా నమ్మకమైనది మన యానాదుల చేయి. ఏ బొరియలో ఎలుకుందో, తప్పించుకునే దారి ఎటుందో వాళ్లకు తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలియదు. బుట్టలు పెట్టి, కుండతో పొగ ఊది, తవ్వి పట్టేస్తారు. అదీ ఒక శాస్త్రమే. వాళ్లకిచ్చేది మాత్రం తోకకింత అని చిల్లర, పని చేశాక బేరాలు. వేలు పోసి పెట్టె కొనే చేయి కూలి దగ్గర ముడుచుకుంటే ఎట్లా? పట్టిన ఎలుకను వండుకు తినే కుటుంబాలున్నాయి. కాబట్టి ఏ చేలో మందు పెట్టిందీ ముందుగా వాళ్లకు చెప్పడం రైతు బాధ్యత. గట్టున తిరిగే జెర్రిపోతునూ, చెట్టు మీది గుడ్లగూబనూ చంపకపోతే అవీ మన పక్షానే పనిచేస్తాయి.

ఇండోనేషియా, వియత్నాం వరి రైతులు ఇంకో దారి పట్టారు. చిన్న మడిలో ముందుగా నాటి, చుట్టూ ప్లాస్టిక్ పట్టా కట్టి, సందుల్లో బోనులు పెడతారు. ముందు పండిన వరికి ఆశపడి వచ్చే ఎలుకలు బోనుల్లో పడతాయి. ఆ మడి చుట్టూ 200 మీటర్ల మేర చేలకు కాపు దొరుకుతుంది. దీనికి కరెంటు అక్కర్లేదు. పది మంది కలిసిరావడమే కావాలి.

పెట్టె వ్యాపారానికి గిట్టనిది ఈ కలయికే. ఎవడి గోడకు వాడు పెట్టె తగిలించుకుంటేనే వాళ్ల సరుకు పోయేది. నష్టమంతా కౌలు రైతుదే. ఎలుక ఎన్ని బస్తాలు తిన్నా మక్తా బస్తా తగ్గదు.

అందువల్ల అడగాల్సినవి మూడు. నారుమడి నాటినుంచే ప్రతి గ్రామంలో సామూహిక ఎలుకల నిర్మూలన జరపాలి, మందు పొట్టకు ముందే చేరాలి. ఎలుకలు పట్టే యానాదులకు పనికి ముందే నిర్ణయించిన కూలి పంచాయతీ ద్వారా ఇవ్వాలి. రుజువు లేని శబ్ద యంత్రాల ప్రచారం మీద వినియోగదారుల చట్టం కింద చర్య తీసుకోవాలి. అప్పటిదాకా పెట్టె పట్టుకొచ్చిన వ్యాపారిని రైతులు ఒక్కటే కోరాలి: ముందు దాన్ని మా గట్టున పెట్టి, నెల తరువాత బొరియలు లెక్కపెట్టి చూపించవయ్యా, డబ్బు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.