పౌడరు డబ్బా పారేయకండి!

అరకు సంతలో కొన్నా, విశాఖ బజారులో కొన్నా మన ముఖానికి రాసుకునే పౌడర్లలో చాలావాటికి ముడిసరుకు టాల్క్ అనే మెత్తని రాయే. గనిలో ఆ రాయితోపాటు ఆస్‌బెస్టాస్ కలిసి వస్తేనే చిక్కు! అమెరికాలో అండాశయ క్యాన్సర్ సోకిన 22 మంది మహిళల తరఫున వేసిన దావాలో 2018లో జాన్సన్ అండ్ జాన్సన్‌కు వ్యతిరేకంగా తీర్పు వచ్చింది. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు గానీ, 2023లో ప్రపంచమంతటా టాల్క్ బేబీ పౌడర్ అమ్మకం మానేసింది. అలాగని పౌడరు రాసుకున్న ప్రతివాళ్లకూ జబ్బు వస్తుందని కంగారుపడకండి.

మరి మన సంగతేమిటంటారా? సరుకు వల్ల హాని జరిగితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తయారీదారు నుంచి పరిహారం కోరవచ్చు. మీరు కాపురముండే ప్రాంతపు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. గడువు రెండేళ్లు. లాయరు ఫీజు గురించి బెంగ వద్దు. స్త్రీలకూ, గిరిజనులకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. 15100కి ఫోన్ చేయండి.

అయితే ఏ పౌడరు, ఎన్నేళ్లు వాడారో రుజువు చూపాల్సింది మనమే. సంతలో బిల్లు అడిగితే నవ్వుతారేమో, అయినా అడగండి! బ్యాచ్ నంబరున్న డబ్బా, బయాప్సీ రిపోర్టు, ఆస్పత్రి చీటీలు ఒకే సంచిలో భద్రపరచండి. కేసు నిలబడేది వాటి మీదే.