చిప్‌ల కలకు జంషెడ్‌పూర్ పాఠం

వార్తా సంస్థలు పంపే ఆంగ్ల కథనాలను తెలుగులోకి మార్చేవారికి కొన్ని పదాలు చిక్కు తెచ్చిపెడతాయి. 'డోపింగ్' అటువంటి పదం. క్రీడల పేజీలో అది పతకాన్ని ఊడలాగే నేరం. సెమీకండక్టర్ పరిశ్రమకు సంబంధించిన వార్తలో అదే పదం, అది లేకుంటే ఏ పరికరమూ పనిచేయని ప్రక్రియకు పేరు. 'డిఫెక్ట్' అన్న మాట కూడా ఇంతే. 'లోపం' అని రాసి పంపితే వ్యాకరణం చెడదు గానీ, స్ఫటిక పదార్థాల విషయంలో అర్థం సగమే మిగులుతుంది. ఎందుకంటే లోహాల బలం, అర్ధవాహకాల ప్రయోజకత్వం రెండూ ఆ లోపాల మీదనే ఆధారపడి ఉన్నాయి.

ఇది కేవలం అనువాదకుల గొడవ అయితే ఈ పేజీలో చోటు అక్కరలేదు. 2021 డిసెంబరులో కేంద్రం సెమీకండక్టర్ల పరిశ్రమ ప్రోత్సాహానికి 76,000 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. 2024 ఫిబ్రవరి 29న గుజరాత్‌లోని ధోలేరాలో 91,000 కోట్ల రూపాయల వ్యయంతో టాటా ఎలక్ట్రానిక్స్, తైవాన్‌కు చెందిన పీఎస్‌ఎంసీ కలసి నెలకొల్పే చిప్‌ల కర్మాగారానికి అనుమతి లభించింది. నాటి నుంచి చర్చ అంతా కోట్ల చుట్టూ, ఉద్యోగాల చుట్టూ, భూకేటాయింపుల చుట్టూ తిరుగుతోంది. ఆ కర్మాగారంలో జరగబోయే పని ఏమిటి, అందుకు కావలసిన విద్య మన దగ్గర ఎంత ఉంది అన్న ప్రశ్న మాత్రం వినిపించడం లేదు. దీనికి సమాధానం వెదకదలిస్తే ధోలేరా కంటే ముందు జంషెడ్‌పూర్ వైపు చూడడం మంచిది. అదే టాటా సంస్థల కుటుంబం, నాటి బెంగాల్ ప్రెసిడెన్సీలో, నేటి జార్ఖండ్‌లో, 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మెను పోతపోసిన ఊరు అది. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నందున తెలుగువారికి ఆ ఊరు పరాయిది కాదు.

ఇనుము కూడా స్ఫటికమే. పటికబెల్లం పలుకులకు ఉన్నట్లు కంటికి కనిపించే ముఖాలు దానికి లేకపోవచ్చు. కానీ లోపల పరమాణువులు వరుస తప్పకుండా ఒక జాలకంగా అమరి ఉంటాయి. స్వచ్ఛమైన ఇనుము మెత్తనిది. వంతెనకు పనికిరాదు, రైలు పట్టాకు అసలే పనికిరాదు. ఆ వరుసల సందుల్లోకి చిన్నవైన కర్బన పరమాణువులు చొరబడితేనే అది ఉక్కు అవుతుంది. నిర్మాణాలకు వాడే ఉక్కులో కర్బనం వందకు 0.2 పాళ్ల దరిదాపుల్లో ఉంటుంది. రైలు పట్టాలో 0.7 పాళ్లు. ఇంత స్వల్పమైన తేడాయే ఒకదాన్ని వంచడానికి, మరొకదాన్ని లక్షల చక్రాల రాపిడిని భరించడానికి అనువుగా చేస్తోంది.

లోహం ఎందుకు వంగుతుంది అన్న ప్రశ్న శాస్త్రజ్ఞులను చాలాకాలం వేధించింది. లెక్క ప్రకారం జాలకంలోని ఒక పొర మరో పొర మీద ఒక్కసారిగా జారాలంటే కావలసిన బలం, వాస్తవంలో సరిపోతున్న బలం కంటే వందల, వేల రెట్లు అధికం. ఈ వ్యత్యాసానికి 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ అనే ముగ్గురు విడివిడిగా ఒకే కారణం చెప్పారు. జాలకంలో వరుస తప్పిన గీతలు ఉంటాయని, జారుడు ఆ గీతల వెంట అంచెలంచెలుగా సాగుతుందని వారి వాదం. పెళ్లి పందిట్లో పరచిన పెద్ద జంపఖానాను ఒక్క లాగుతో జరపడం నలుగురికైనా కష్టం. ఒక అంచున ముడత లేపి, ఆ ముడతను అవతలి అంచు దాకా నెట్టుకుంటూ పోతే ఒక్కడే జరపగలడు. స్ఫటికంలోని ఆ ముడతనే 'డిస్‌లొకేషన్' అంటున్నారు. అది లేనిదే ఉక్కును రేకుగా సాగదీయడం సాధ్యం కాదు. దాన్ని అదుపు చేయనిదే ఆ రేకు బరువు మోయదు.

అదుపు చేసేవి మళ్లీ ఆ కర్బన పరమాణువులే. అవి ముడత చుట్టూ గుమిగూడి దాని కదలికను బంధిస్తాయని కాట్రెల్, బిల్బీ 1949లో వివరించారు. కార్ల పరిశ్రమ ఈ సూత్రాన్ని చక్కగా వాడుకుంటోంది. రేకును అచ్చులో నొక్కేటప్పుడు మెత్తగా ఉండాలి, కారు రోడ్డెక్కేటప్పటికి గట్టిపడాలి. అందుకని పది లక్షల పాళ్లలో కొద్ది పదుల పాళ్ల కర్బనాన్ని మాత్రమే మిగిల్చి రేకు తయారు చేస్తారు. రంగు వేసి పొయ్యిలో ఆరబెట్టే ఆ ఇరవై నిమిషాల వేడికే కర్బనం ముడతల వద్దకు చేరి వాటిని బిగిస్తుంది. చెప్పడానికి తేలికే. ఉక్కు తయారీలో నూరేళ్ల అనుభవం ఉన్న జంషెడ్‌పూర్ సైతం ఈ తరహా రేకుల కోసం జపాన్‌కు చెందిన నిప్పన్ స్టీల్‌ను భాగస్వామిగా తెచ్చుకుని, 2014లో గానీ ప్రత్యేక కర్మాగారాన్ని నడపలేకపోయింది. కొద్ది పాళ్లను కొలవడం, ఆ కొలతను టన్నుల కొద్దీ ఉత్పత్తిలో నిలబెట్టడం ఎంత కష్టమో దీన్నిబట్టి ఊహించవచ్చు.

భాస్వరం కథ మరీ విచిత్రం. మన బొగ్గు, మన ఖనిజం కారణంగా భారతీయ కొలిమి ఇనుములో భాస్వరం పాలు హెచ్చు. అది మిగిలిపోయిన ఉక్కు చలికి పెళుసుబారి విరుగుతుంది. దాన్ని వదిలించుకోవడానికి జంషెడ్‌పూర్ ఇంజనీర్లు తరతరాలుగా పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. అదే భాస్వరాన్ని చిప్‌ల పరిశ్రమ కోరి తెచ్చుకుని సిలికాన్‌లో చొప్పిస్తుంది. కోటి సిలికాన్ పరమాణువులకు ఒక్క భాస్వరం పరమాణువు చొప్పున కలిపితే చాలు, దాని విద్యుద్వాహకత లక్ష రెట్లకు పైగా పెరుగుతుంది. సిలికాన్ పరమాణువుకు బంధాలు కట్టుకునే ఎలక్ట్రాన్లు నాలుగు, భాస్వరానికి అయిదు. బంధానికి అక్కరలేని ఆ అయిదోది స్వేచ్ఛగా సంచరిస్తుంది. బోరాన్‌కు మూడే గనుక అది కలిపితే ఒక ఖాళీ మిగిలి, ఆ ఖాళీయే కదులుతుంది. ఈ రెండు తరహాల ప్రాంతాలను పక్కపక్కన చేర్చడంలోనే ట్రాన్సిస్టర్ రహస్యమంతా ఉంది. ఇక జంషెడ్‌పూర్‌కు ప్రాణమైన ఇనుము సిలికాన్ పాలిట విషం. జాడమాత్రంగా చేరినా ఎలక్ట్రాన్లను మధ్యదారిలో పట్టి మింగేస్తుంది. సిలికాన్ మాత్రం ఇనుముకు మేలే చేస్తుంది. వందకు మూడు పాళ్లు కలిపితే ట్రాన్స్‌ఫార్మర్లలో విద్యుత్తు నష్టాన్ని తగ్గించే ఉక్కు తయారవుతుంది. ఏది మలినం, ఏది మందు అన్నది పదార్థాన్నిబట్టి, మోతాదునుబట్టి ఉంటుందన్న మాట.

మోతాదు వేయాలంటే ముందు శుద్ధి చేయాలి. కోటికి ఒకటి కలపదలచిన చోట అంతకంటే ఎక్కువ చెత్త ముందే ఉంటే ప్రయోజనం ఏముంది? కనుకనే చిప్‌లకు వాడే సిలికాన్ తొంభై తొమ్మిది తరువాత దశాంశ స్థానాల్లో మరో ఏడెనిమిది తొమ్మిదుల శుద్ధత కలిగి ఉండాలి. ఆ శుద్ధత సాధించి అమ్మే సంస్థలు ప్రపంచంలో బహుకొద్ది. జర్మనీ, అమెరికా, జపాన్ సంస్థలదే పైచేయి. ఆ సిలికాన్‌ను ఒకే స్ఫటికంగా పెంచి పలకలుగా కోయడంలో జపాన్ సంస్థలు రెండూ ముందున్నాయి. ధోలేరాలో కట్టడం లేచినా, పలకలు ఓడల మీద రావలసిందే.

సాంకేతిక విద్యను కొనుక్కుంటే తప్పేమిటి అని వాదించేవారు ఉన్నారు. వారి వాదాన్ని కొట్టివేయలేం. జంషెడ్‌పూర్ కర్మాగారాన్ని సైతం పెరిన్ వంటి అమెరికన్ ఇంజనీర్లే రూపకల్పన చేశారు. అయితే ఆ కథ అక్కడితో ఆగలేదు. 1937లో కర్మాగారం పక్కనే పరిశోధనశాల వెలిసింది. 1943లో ప్రారంభమైన హౌరా వంతెనకు పట్టిన సుమారు 26,500 టన్నుల ఉక్కులో 23,000 టన్నులు, స్వల్పంగా క్రోమియం, రాగి కలిపి జంషెడ్‌పూర్‌లోనే తయారుచేసిన 'టిస్‌క్రోమ్' ఉక్కు. స్వాతంత్ర్యం వచ్చాక 1950 నవంబరు 26న జాతీయ లోహశాస్త్ర పరిశోధనశాలను నెహ్రూ అదే ఊళ్లో ప్రారంభించారు. కృష్ణా జిల్లాలో పుట్టిన పచ్చా రామచంద్రరావు 1992 నుంచి 2002 వరకు ఈ సంస్థకు సంచాలకులుగా ఉన్నారు. స్ఫటిక క్రమాన్ని మన్నించని పదార్థాల మీద ఆయనకు మక్కువ. కరిగిన మిశ్రమ లోహాలను పరమాణువులు వరుస కట్టేలోపే గడ్డకట్టించడం ఆయన పరిశోధనా రంగం. క్రమం ఉన్నా పునరావృతం కాని 'క్వాసీక్రిస్టళ్ల' మీద ఆయన, జి.వి.ఎస్. శాస్త్రి కలసి 1985లో ప్రకటించిన పరిశోధన ఆ రంగంలో తొలినాళ్లది. ఆ పదార్థాలను కనుగొన్న ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు షెక్ట్‌మన్‌కు 2011లో నోబెల్ బహుమతి దక్కింది. అప్పటికి రామచంద్రరావు లేరు.

చెప్పవచ్చేదేమంటే, విదేశీ విద్యతో మొదలైన జంషెడ్‌పూర్ మూడు దశాబ్దాల్లో సొంత మోతాదు కనిపెట్టగలిగిందంటే కొలిమికీ కొలతకూ మధ్య దూరం లేకపోవడమే కారణం. చిప్‌ల పథకంలో ఈ రెండో భాగం బలహీనంగా ఉంది. పైగా మనకు చేదు అనుభవమూ ఉంది. మొహాలీలోని ప్రభుత్వ సెమీకండక్టర్ సంస్థ 1989లో అగ్నికి ఆహుతైతే, కోల్పోయిన కాలాన్ని మళ్లీ అందుకోలేకపోయాం. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌కు మంజూరైనది చిప్‌లను తొడుగులో అమర్చే కర్మాగారం. ఉపాధి దృష్ట్యా ఆహ్వానించదగినదే. కానీ డోపింగ్ అంతా ముగిసిన తరువాతి దశ అది. భాస్వరం మోతాదు నేర్పేది కాదు.

తెలుగు నేల మీద ఇటువంటి విద్య ఒకప్పుడు లేకపోలేదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు కోసం పారసీక వర్తకులు వచ్చేవారు. ఆ తరహా ఉక్కు కత్తుల మీద కనిపించే అలల గీతలకు లక్షకు కొద్ది పాళ్ల వెనేడియం వంటి మలినాలు కారణమై ఉండవచ్చని 1990ల్లో అమెరికా పరిశోధకులు నిర్ధారణకు వచ్చారు. మన కమ్మరులకు అది చేతికి తెలుసు, కాగితానికి తెలియదు. ఖనిజం మారిందో, గిరాకీ తగ్గిందో, ఆ విద్య కాస్తా అంతరించింది.

కాబట్టి కేంద్రం చేయవలసిన పని ఒకటుంది. కర్మాగారాలకు ఇచ్చే రాయితీలో నూటికి రెండు మూడు రూపాయలైనా సిలికాన్ శుద్ధికి, స్ఫటికాల పెంపకానికి, మలినాల కొలతకు విడిగా కేటాయించాలి. జంషెడ్‌పూర్ పరిశోధనశాల వంటి సంస్థలకు, ఆంధ్ర, తెలంగాణ విశ్వవిద్యాలయాల లోహశాస్త్ర విభాగాలకు ఆ నిధులు చేరాలి. ఏటేటా ఫలితం చూపమని అడగకుండా ఇవ్వాలి. థర్మల్ విద్యుత్ కేంద్రాల బాయిలర్ గొట్టాలు ఎన్నేళ్లు నిలుస్తాయో తేల్చడానికి జంషెడ్‌పూర్‌లో ఉక్కు నమూనాలను వేడి మీద బరువుకు వేలాడదీసి ఉంచుతారు. జాలకంలో లోపాలు మెల్లమెల్లగా జరుగుతూ పోవడాన్ని నమోదు చేస్తారు. పదివేల గంటల పరీక్ష అంటే దాదాపు పద్నాలుగు నెలలు. అది ఒక ఆర్థిక సంవత్సరంలో పూర్తి కాదు.