ఎవరు ఎవర్ని వదిలేశారు?

మర్రిగూడ అంటే బయటివాళ్ళకి గుర్తొచ్చేది ఫ్లోరైడ్ నీళ్ళు. ఫస్టియర్‌లో "మీదెక్కడ?" అని అడిగి, ఊరి పేరు వినగానే నా పళ్ళ వంక చూసినవాళ్ళు కూడా ఉన్నారు. అలాంటి ఊరి నుంచి ఒక పిల్ల ఏడేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకుందంటే నమ్మడం కష్టమే. కానీ నేర్చుకుంది. అది మా చిన్నాయన బిడ్డ, నాకు చెల్లె. నాకంటే మూడేళ్ళు చిన్న.

బడిలో ప్రార్థన పాడుతుంటే ఎవరో టీచర్ విని, "ఈ పిల్లకు సంగీతం చెప్పించండి" అన్నారట. మా చిన్నాయనకి సంగీతం తెల్వదు. కానీ టీచర్ చెప్పింది గనుక వదల్లేదు. ప్రతి ఆదివారం పొద్దుగాల బస్సెక్కి మాల్ దాకా, అక్కడ బస్సు మారి ఇబ్రహీంపట్నం మీదుగా సిటీ అంచున ఉన్న సంగీతం మేడం ఇంటికి. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు, ఆ తర్వాత కీర్తనలు. సెలవుల్లో నేను తోడు పోయేదాన్ని. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, తొడ మీద ఆదితాళం వేసుకుంటూ లోపల్లోపలే పాడుకునేది. పక్కన కూర్చున్న ముసలమ్మలు దానికేమైనా అయిందేమో అన్నట్టు చూసేవాళ్ళు.

పోయినేడు డిగ్రీలో చేరాక ఒక బ్యాండ్‌లో చేరింది. గిటారు, కీబోర్డు, కహోన్, ఇది. సినిమా పాటల కవర్లు, సొంతంగా రాసుకున్న రెండు పాప్ పాటలు యూట్యూబ్‌లో పెట్టారు. పెళ్ళిళ్ళకి, సంగీత్‌లకి పిలుస్తున్నారు. మొదటి ఈవెంట్‌కి దాని వంతు నాలుగు వేలు వచ్చాయి. ఆ వీడియో మేడం చూశారు. "ఇక ఆదివారం రావద్దమ్మా" అని ఒక్క మెసేజ్ పెట్టారు.

సిగ్గుపడాల్సిన విషయం ఏంటంటే, నేను కూడా మేడం పక్షమే తీసుకున్నాను. ఫోన్ చేసి, "ఏడేండ్లు నేర్చుకున్నది దీనికేనా?" అని తిట్టాను. అది కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "అక్కా, నువ్వే జెప్పు. మన ఊళ్ళె నేను కీర్తన పాడితె కూసోని ఇనేటోళ్ళు ఎంతమంది ఉంటరు?"

నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ వ్యాసం.

ముందు మన సంగతి చూసుకుందాం. మన కాలేజీలో మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్లేస్ అయిన సీనియర్లు ఎంతమంది? సివిల్ చదివి టెస్టింగ్‌లో కూర్చున్నవాళ్ళు? వాళ్ళని ఎవరైనా "థర్మోడైనమిక్స్‌కి ద్రోహం చేశావు" అన్నారా? స్వీట్లు పంచుకున్నాం. బ్రాంచ్ మారితే బతుకుతెరువు, పాట మారితే పాపం! నాలుగేళ్ళు చదివింది వదిలి వేరే పనికి పోవడం మనకి ఇంత మామూలు విషయమైనప్పుడు, ఒక పంతొమ్మిదేళ్ళ పిల్ల తన గొంతునే పట్టుకుని ఇంకో గదిలోకి నడిస్తే ఎందుకంత కోపం?

"శాస్త్రీయం అంటే స్వచ్ఛమైనది, అందులో వేరేది కలపకూడదు" అంటారు. ఎక్కువ వినిపించే మాట ఇదే. చరిత్ర మాత్రం అలా చెప్పదు. సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన ముత్తుస్వామి దీక్షితులు, ఈస్టిండియా కంపెనీ కాలంలో ఇంగ్లీషు బ్యాండ్లు వాయించే ట్యూన్లు విని, వాటికి సంస్కృత సాహిత్యం రాశారు. వాటినే నోటుస్వరాలు అంటారు. అందులో ఒకటి బ్రిటిష్ జాతీయగీతం ట్యూన్‌కే కట్టింది. ఇవాళ ఏ కచేరీలో చూసినా పక్కన కూర్చునే వయొలిన్ కూడా మన వాయిద్యం కాదు. దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చినవారిలో ముందు వరసలో ఉన్నారు. మన పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద రాగాలు పలికించి ప్రపంచాన్ని కూర్చోబెట్టాడు. అంటే ఈ ఇంటికి తలుపులు ఎప్పుడూ ఉన్నాయి. బయటి నుంచి లోపలికి వస్తే "గొప్ప ప్రయోగం" అన్నాం. లోపలి నుంచి బయటికి పోతే మాత్రం "పాడైపోయింది" అంటున్నాం.

ఇంకో దిక్కు నుంచి చూడండి. 1980లో వచ్చిన 'శంకరాభరణం' మన తరానికి కూడా శాస్త్రీయ సంగీతానికి మారుపేరు. ఆ పాటలకి జాతీయ అవార్డు తీసుకున్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం సంప్రదాయంగా కర్ణాటక సంగీతం నేర్చుకున్న మనిషి కాదు. అనంతపురంలో ఇంజనీరింగ్ చదువుతూ మధ్యలో మానేసిన మన బాపతే! సినిమా గాయకుడు శాస్త్రీయం పాడితే చప్పట్లు కొట్టాం. శాస్త్రీయం నేర్చిన పిల్ల సినిమా పాట పాడితే మెసేజ్ పెట్టి తలుపేశాం.

అలా బయటికి వెళ్ళినవాళ్ళు ఏమయ్యారో చూద్దాం. రాహుల్ సిప్లిగంజ్ పాతబస్తీ పిల్లగాడు. నాన్న సెలూన్‌లో సాయం చేస్తూనే పండిట్ విఠల్ రావు దగ్గర గజల్ నేర్చుకున్నాడు. గజల్ పూర్తి శాస్త్రీయం కాదు గానీ, దాని కింద ఉన్న నేల హిందుస్తానీ రాగాలదే. ఆ తర్వాత గల్లీ భాషలో పాప్ పాటలు చేసి యూట్యూబ్‌లో పెట్టాడు. 2023 మార్చిలో కాలభైరవతో కలిసి ఆస్కార్ వేదిక మీద 'నాటు నాటు' పాడాడు. ఆ పాటలో గజల్ ఎక్కడుందని అడిగితే నేను చూపించలేను. కానీ అంత వేగంలో, అంత ఎత్తు స్థాయిలో శ్రుతి తప్పకుండా నిలబడటం ఒక్కరోజులో వచ్చేది కాదని మాత్రం చెప్పగలను.

సిద్ శ్రీరామ్ తెలుగువాడు కాదు గానీ మన ఇయర్‌ఫోన్స్‌లో ఉండేది ఆయనే కాబట్టి చెప్తున్నా. చెన్నైలో పుట్టి, కాలిఫోర్నియాలో పెరిగి, అమ్మ దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకుని, బోస్టన్‌లోని బర్క్‌లీ కాలేజీలో చదివాడు. ఆర్ అండ్ బి మీద ఇష్టంతో 2019లో 'ఎంట్రపీ' అని ఇంగ్లీషు ఆల్బమ్ చేశాడు. అయినా చెన్నైలో కచేరీలు మానలేదు. ఆయనకి రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి. ఎందుకు? ఇంట్లోనే గురువు ఉంది. చెన్నైలో సభలున్నాయి, డిసెంబర్ సీజన్ ఉంది, కూర్చుని వినే జనం ఉన్నారు.

మా చెల్లెకి ఏముంది? మర్రిగూడలో సభ లేదు. త్యాగరాజ ఆరాధన జరగదు. బతుకమ్మ పాటలున్నాయి, భజన ఉంది, పెళ్ళికి డీజే ఉంది. ఇవి తక్కువని కాదు, నేను వాటితోనే పెరిగాను. కానీ వర్ణం పాడే చోటు లేదు. ఆకాశవాణిలో బి, బి-హై, ఎ, టాప్ అని గ్రేడులుంటాయి, ఆడిషన్ పాసవ్వాలి. ఆ సంగతి మాకు తెలిసిందే పోయినేడు. సంగీతం కుటుంబాల్లో పుట్టిన పిల్లలకి ఇవన్నీ అన్నం తినేటప్పుడే చెవిన పడతాయి. పక్కన మృదంగం వాయించేవాళ్ళు, వయొలిన్ వాయించేవాళ్ళు బాబాయో పెద్దనాన్నో అవుతారు. మాకు మృదంగం కావాలంటే మనిషిని పిలిపించాలి, బస్సు చార్జీలిచ్చి, డబ్బులిచ్చి, భోజనం పెట్టి. మా చిన్నాయనకున్నది రెండెకరాల పత్తి.

కాబట్టి "అది సంగీతాన్ని వదిలేసింది" అనే మాట నాకు ఇప్పుడు తలకిందులుగా కనిపిస్తోంది. ఉండటానికి చోటిచ్చి, అప్పుడు వెళ్ళిపోతే వదిలేసిందనాలి. చోటే ఇవ్వనప్పుడు ఎవరు ఎవర్ని వదిలేసినట్టు?

అలాగని మేడంది తప్పని తీర్పు చెప్పి చేతులు దులుపుకోలేను. ఏడేళ్ళలో ఆమె ఫీజు పెంచింది ఒక్కసారే. పత్తికి ధర రాని ఏడాది అసలు తీసుకోలేదు. ఆలస్యమైతే అన్నం పెట్టి పంపేది. ఆమె భయంలో కూడా నిజం ఉంది. స్టేజీ మీద రెండు గంటలు అరిచి అర్ధరాత్రి ఇంటికొచ్చిన గొంతు తెల్లారి సాధనకి లేవదు. స్టూడియోలో ఆటోట్యూన్ ఉంది కదా అనుకుంటే శ్రుతి మీద భయం పోతుంది. గమకం రోజూ పలికిస్తేనే నిలుస్తుంది. మా చెల్లె కూడా ఒప్పుకుంది, నాలుగు నెలలుగా తంబూరా యాప్ తెరవలేదని. ఆ మాట చెప్తుంటే దాని గొంతు మారింది. పాప్ పాడినందుకు అది ఎవరికీ క్షమాపణ చెప్పాల్సిన పనిలేదు. కానీ సాధన మానినందుకు మాత్రం దానికి దానితోనే ఒక లెక్క ఉంది. ఈ రెండూ వేరువేరు విషయాలు. మేడం, నేను, ఇంకా చాలామంది పెద్దవాళ్ళు ఈ రెండింటినీ ఒకటే చేసి తిడుతున్నాం. అలా తిడితే పిల్లలు పాప్ మానరు, సాధనే మానేస్తారు.

మరి మనం చేయగలిగింది ఏమైనా ఉందా? మన ఫెస్ట్‌లో మూడు రోజులూ డీజే, బ్యాండ్, డ్యాన్స్. క్లాసికల్ అనేది మొదటి రోజు దీపం వెలిగించేటప్పుడు ప్రార్థన గీతం, రెండు నిమిషాలు, అప్పటికి మనం ఇంకా క్యాంటీన్‌లోనే ఉంటాం. ఈసారి సాయంత్రం మంచి టైమ్‌లో ఇరవై నిమిషాలు ఇద్దాం. మన హాస్టళ్ళలోనే పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు ఉన్నారు, అడగలేదు కాబట్టి బయటపడలేదు. అదే పిల్లలు తర్వాత బ్యాండ్‌తో పాడితే అదీ విందాం. కల్చరల్ కమిటీకి ఈ విషయం లెటర్ రాసి ఇచ్చాను. ముందు "జనం లేచిపోతారు" అన్నారు. లేస్తే లేవనీ. కూర్చునేవాళ్ళు ఇరవైమంది ఉన్నా, మా ఊళ్ళో కంటే ఎక్కువే.

ఇంకో పని నా సొంతం. చెల్లెకి ఫోన్ చేసి సారీ చెప్పాను. "సరే తీయక్కా" అంది, అంతే. దసరా సెలవుల్లో ఇద్దరం కలిసి మేడం ఇంటికి పోతున్నాం. మాల్‌లో బస్సు మారేటప్పుడు పండ్లు కొనాలి. బ్యాండ్ మానేస్తానని అది చెప్పదు, చెప్పమని నేను కూడా అనను. "ఆదివారాలు మళ్ళీ రావచ్చా?" అని అడుగుతుందట. మేడం ఏమంటుందో తెలియదు. అందుకే అది నిన్నటి నుంచి పొద్దున ఐదింటికి లేచి తంబూరా యాప్ పెట్టుకుంటోందని చిన్నమ్మ చెప్పింది.