సీసా మీది నెంబరు

మా ఇంట్లో దగ్గుమందు సీసాకు పోపులపెట్టెకున్నంత గౌరవం. ఒకసారి వచ్చిందంటే అడుగంటేదాకా గడప దాటదు. మొన్న మా తమ్ముడి కొడుకు, నాలుగేళ్ల వెధవాయి, రాత్రి దగ్గుతూ లేచాడు. మా ఆవిడ అలమరలోంచి కిందటి చలికాలపు సీసా తీసింది.

"ఏం మందది?" అన్నాను.

"దగ్గుమందండీ!" అంది, ఇంత చదువుకున్నవాడికి ఆ మాత్రం తెలియదా అన్నట్లు.

సీసా దీపం దగ్గర పెట్టి చూద్దును గదా, మందు కారి కారి లేబులు మీద పేరు సగమూ, బ్యాచి నెంబరు మొత్తమూ చెరిగిపోయి ఉన్నాయి. నా గుండె ఝల్లుమంది. పిరికివాణ్ణనుకోకండి, కారణం చెబుతాను.

2025 సెప్టెంబరులో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా జిల్లాలో చిన్నపిల్లలకు దగ్గూ జ్వరమూ వచ్చాయి. 'కోల్డ్రిఫ్' అనే సిరప్పు తాగారు. ఆపైన మూత్రం బందయింది. మూత్రపిండాలు చెడి ఇరవైమందికి పైగా పసివాళ్లు పోయారు. ఆ మందు తయారైంది తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో. అక్కడి ప్రభుత్వ పరీక్షలో ఎస్‌ఆర్-13 అనే బ్యాచిలో నూటికి 48.6 పాళ్లు డైఇథిలీన్ గ్లైకాల్ ఉన్నట్లు తేలింది. తియ్యగా, చిక్కగా, సిరప్పుల్లో వాడే మంచి ద్రావకంలాగే కనిపించే విషమది.

అక్టోబరు 4న తెలంగాణ ఔషధ నియంత్రణశాఖ ఆ బ్యాచి వాడవద్దని ప్రజలను హెచ్చరించింది. 13న ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాలన్నిటికీ చాటింది. అంతకు మూడేళ్ల కిందట, 2022 అక్టోబరు 5న, హర్యానాలో తయారై ఆఫ్రికాలోని గాంబియా చేరిన నాలుగు సిరప్పుల గురించి కూడా ఆ సంస్థ ఇలాగే చాటింది. అక్కడ పోయిన పిల్లలు డెబ్బైమంది వరకూ ఉన్నారు.

ఈ చాటింపు ఊరికే రాలేదు. గర్భిణులు థాలిడమైడు వేసుకుంటే బిడ్డలు కాళ్లూ చేతులూ సరిగా లేకుండా పుడుతున్నారని తెలిసి, పశ్చిమజర్మనీలో 1961 నవంబరులో ఆ మందు అమ్మకం ఆపేశారు. జపాన్‌లో దుకాణాలనుంచి వెనక్కి తీసుకున్నది 1962 సెప్టెంబరులో. నడుమ పదినెలలు! ఆ పదినెలల్లో ఎందరు తల్లులు ఆ బిళ్ల మింగారో! అటువంటి ఆలస్యం మళ్లీ రాకూడదని 1968లో పది దేశాలు ఒక కట్టుగా చేరి, మందుల చెడుగు కబుర్లు పంచుకోసాగాయి. మన దేశం 1998లో చేరింది.

ఇప్పుడు కబురు క్షణంలో ఖండాలు దాటుతుంది. దాటి మా అలమర ముందు ఆగిపోయింది, చూశారా! ఏ బ్యాచి ప్రమాదమో ప్రపంచమంతా చెప్పినా, నా చేతిలోది ఏ బ్యాచో నాకు తెలియకపోతే ఏం లాభం?

కబురు పుట్టేదీ మనలాంటి చిన్న ఊళ్లలోనే సుమండీ. మందు వికటిస్తే, "మా ఖర్మ" అని ఊరుకుంటాం. ఊరుకుంటే జెనీవావారికి తెలిసేదెట్లా? మందుల చెడుగు చెప్పుకోవడానికి ప్రభుత్వం 1800-180-3024 అనే ఉచిత ఫోను పెట్టింది. డాక్టర్లే కాదు, మామూలు మనుషులమూ చెప్పవచ్చు.

ఆ రాత్రి పిల్లవాడికి గోరువెచ్చని నీళ్లు తాగించి, తెల్లవారి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. మందే అక్కర్లేదన్నాడాయన. ఐదేళ్లలోపు పిల్లలకు సాధారణంగా దగ్గుమందులు ఇవ్వవద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్యశాఖవారూ చెప్పారట.

తిరిగి వస్తూ పామూరు రోడ్డులో మందుల షాపు దగ్గర ఆగి, నా జ్వరం బిళ్లలకు బ్యాచి నెంబరు వేసి బిల్లిమ్మన్నాను. "రెండు బిళ్లలకు బిల్లా మాస్టారూ?" అని నవ్వాడు షాపతను. నవ్వుతూనే రాసిచ్చాడు. ఆ కాగితం ఇప్పుడు మా అలమర తలుపుకు అంటించి ఉంది. పాత సీసా మాత్రం ఇంట్లో లేదు.